మా పైకప్పుకు చిల్లు లేదు

విన్నిపెగ్, మార్చి 9

బిల్డింగ్ మేనేజర్ డ్వైట్ గారికి,

మా పడకగది పైకప్పుకు చిల్లులు పెట్టామని తలుపు కింద నోటీసు తోసి వెళ్ళారు. జవాబు రాసే ఓపిక లేదు గానీ, ఒక్క చిల్లు కూడా లేదండి.

నవంబరులో మా ఆయన ఓరెస్ట్‌కు నడుము పడిపోయింది. అప్పటినుంచి వెల్లకిలా పడుకుని పైకప్పు చూడటమే ఆయన పని. కంటికి కాస్త మార్పుంటుందని ఆయన చేపలకు వేసే రంగురంగుల ప్లాస్టిక్ ఎరల్ని, గాలపు ముళ్ళు తీసేసి, అంటించే జిగురు కొక్కేలతో అక్కడ వేలాడదీశాను. మూడుసార్లు అంటించాను, మూడుసార్లూ పైకప్పుకు పూతగా చల్లిన గరుకు రవ్వతో సహా ఊడి ఆయన సూపులో పడ్డాయి.

"ఆ గరుకు రవ్వ చల్లింది నేనేనే. దానికి జిగురు అంటదు, నన్నడిగితే చెప్పేవాణ్ణిగా. చిల్లు మాత్రం పెట్టావో, ఊరుకోను," అన్నారాయన.

ఈ బిల్డింగు కట్టిన రోజుల్లో అన్ని పైకప్పులూ ఆయన చేతిపనే. అందుకని గోడనుంచి గోడకు, మేకులు అక్కర్లేని స్ప్రింగు కర్టెన్ రాడ్డు బిగించి, ఎరల్ని దానికి కట్టాను. కిటికీలోంచి మీకు కనబడింది అదే.

ఎప్పుడైనా వచ్చి చూసుకోండి. కానీ ఒక్కరే రండి. వచ్చే వారం అన్ని ఇళ్ళ పైకప్పుల రవ్వా గీకి నున్నగా చేసే మనుషుల్ని పంపుతామన్నారుగా, మా గది ఆఖరున పెట్టుకోమనండి. ఆ గీకుడు సంగతి ఆయనకు నేనింకా చెప్పలేదు.

ఇట్లు,
కింది అంతస్తులో, వెనకవైపు ఇంటావిడ