కందిపప్పు డబ్బాలో మాత్రలు

ఆగస్టు 20, బుధవారం. కరీంనగర్, ఆసుపత్రి

కుడి మోకాలు నిన్న మార్చారు. ఇవాళ పొద్దున్నే నిలబెట్టారు.

కనీసం వారం రోజులు మంచం మీద మహారాణిలా పడుకుంటానని అనుకున్నాను. ఫిజియో అబ్బాయి సిద్ధు వాకర్ తెచ్చి నా ముందు పెట్టి లేవమన్నాడు. లేచాను. కాలు నాదిలా లేదు, అయినా తలుపు దాకా వెళ్లి వచ్చాను. పెద్దగా నొప్పి లేదే అన్నాను గర్వంగా. వెన్నులో ఇచ్చిన మత్తు ఇంకా పూర్తిగా దిగలేదట, అసలు నొప్పి రేపు తెలుస్తుందట. ఈ మాట నవ్వుతూ చెప్పాడు.

ఇరవై ఎనిమిదేళ్లు ఆర్టీసీ బస్సులో నిలబడి టికెట్లు కొట్టాను. రిటైరయ్యేసరికి ఈ మోకాలు పూర్తిగా అరిగింది, ఎడమది సగం. లక్సెట్టిపేటలో మా ఇంటి మెట్లు దిగడానికి కూడా మా ఆయన చెయ్యి కావాల్సి వచ్చింది. అందుకే ఒప్పుకున్నాను.

పక్క మంచం కనకవ్వది. కాగజ్‌నగర్ నుంచి వచ్చింది. భర్త భూమన్న పేపర్ మిల్లులో చేసి మానేశాడు. ఆమెకూ నిన్ననే ఆపరేషన్, ఆమెకూ కుడి మోకాలే. నాకంటే పెద్దది, కాబట్టి అక్కా అంటున్నాను. ఆమె నన్ను చెల్లె అని పిలవడానికి మధ్యాహ్నం దాకా కూడా ఆగలేదు.

ఆగస్టు 21, గురువారం

సిద్ధు చెప్పింది నిజం.

ఆగస్టు 22, శుక్రవారం

రేపు డిశ్చార్జి. సిస్టర్ మందుల సంచి తెచ్చి మంచం మీద కుమ్మరించింది. కడుపులో మంట రాకుండా పరగడుపున ఒకటి. రక్తం గడ్డ కట్టకుండా ఒకటి. వాపుకు ఒకటి. పారాసిటమాల్. ట్రమడాల్ కలిసిన గట్టి మాత్ర. రాత్రికి నరాల మాత్ర. ఇవి మింగుతూ పోతే ఇక అన్నం తినడానికి జాగా ఎక్కడుంటుందని కనకవ్వ అడిగింది.

సిస్టర్ ఓపిగ్గా చెప్పింది. నొప్పి బాగా పెరిగేదాకా ఆగొద్దట, చెప్పిన వేళకు వేసుకోవాలట. ఎక్సర్‌సైజుకు కాస్త ముందు వేసుకుంటే మోకాలు వంచనిస్తుందట. గట్టి మాత్రతో మాత్రం జాగ్రత్త. మరీ మత్తుగా ఉన్నా, మాట తడబడినా, ఊపిరి నెమ్మదించినా ఫోన్ కాదు, నేరుగా ఆసుపత్రికే రావాలట. నేను తల ఊపాను. కనకవ్వ అప్పుడు భూమన్నతో చాయ్‌లో చక్కెర ఎక్కువైందని గొడవ పడుతోంది.

ఆమె కోడలు వనిత, నేను నంబర్లు రాసుకున్నాం.

ఆగస్టు 23, శనివారం. లక్సెట్టిపేట

ఇల్లు. మా ఆయన వండిన టమాట చారు. ఆసుపత్రి చప్పిడి తిండి తర్వాత ఎంత హాయిగా ఉందో.

ఆగస్టు 26, మంగళవారం

ఆడబిడ్డ లస్మవ్వ చూడటానికి వచ్చింది. బత్తాయిలు తెచ్చింది. కాలు చూసింది, కుట్లు చూసింది, మాత్రల సంచి చూసి మాత్రం గుండె మీద చెయ్యి వేసుకుంది. వాళ్ల వాడకట్టులో ఎవరో ముసలాయన నడుం నొప్పికి ఏళ్ల తరబడి గోలీలు మింగి ఇప్పుడు డయాలసిస్‌కు తిరుగుతున్నాడట.

"వదినె, గిన్ని గోలీలు మింగితె కిడ్నీలు ఖరాబైతయి. కాలు బాగు చేసుకోబోయి పానం మీదికి తెచ్చుకోకు," అంది.

ఆమె వెళ్లినప్పటి నుంచి నా నడుం వెనక ఎక్కడో సలుపుతున్నట్టే ఉంది. కిడ్నీలు అక్కడే ఉంటాయట కదా.

రక్తం మాత్ర, మంట మాత్ర వేసుకుంటాను. నొప్పివి మానేస్తాను. ఇద్దరు పిల్లల్ని కన్నదాన్ని, ఈ మాత్రం ఓర్చుకోలేనా? మా ఆయనతో చెప్పను. చెబితే డాక్టరుకు ఫోన్ చేస్తాడు.

ఆగస్టు 29, శుక్రవారం

మా ఆయన మాత్రలు చేతిలో పెట్టి, నీళ్లిచ్చి, నా వైపే చూస్తూ నిలబడతాడు. మోటర్ వైండింగ్ షాపు నడిపిన మనిషి. ఏ తీగ ఎటు పోయిందో చూడటం అలవాటు. నాలుక కింద పెట్టుకుని నీళ్లు తాగడం నేర్చుకున్నాను. ఆయన వాకిట్లోకి వెళ్లగానే తీసేస్తాను.

నొప్పి ఉంది. ఎంత అని రాయను.

సెప్టెంబర్ 1, సోమవారం

సిద్ధు వీడియో కాల్‌లో ఎక్సర్‌సైజులు చేయిస్తున్నాడు. ఫోన్ పట్టుకునే డ్యూటీ మా ఆయనది. మొదటి రోజు సగం సేపు ఫ్యాన్‌ను చూపించాడు. ఇప్పుడు కాస్త మెరుగు.

మడమ వెనక్కి జరపమన్నాడు సిద్ధు. జరిపాను. ఇంకా అన్నాడు. ఇంకా నా వల్ల కాలేదు. కళ్లలో నీళ్లొచ్చాయి. మందులు సరిగ్గా వేసుకుంటున్నారా అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే మా ఆయన ఫోన్ తనవైపు తిప్పుకుని, ఒక్కటి కూడా తప్పలేదని, దగ్గరుండి తనే వేయిస్తున్నానని చెప్పాడు.

సెప్టెంబర్ 2, మంగళవారం. కరీంనగర్ పోయి వచ్చాక

కుట్లు తీశారు. డాక్టరు మోకాలు వంచి చూసి మొహం చిట్లించాడు. ఇంతే వంగితే కుదరదట. లోపల గట్టిపడిపోతే మళ్లీ మత్తిచ్చి బలవంతంగా వంచాల్సి వస్తుందట. ఇన్ని లక్షల మోకాలు పెట్టుకుని కుంటుతూ తిరుగుతారా అని అడిగాడు.

కనకవ్వ మోకాలు మాత్రం చక్కగా వంగుతోంది. బయట బెంచీ మీద కూర్చున్నాం. అసలు నొప్పే తెలియడం లేదంది. డాక్టరు ఇచ్చిన గోలీలతో పాటు భూమన్న మెడికల్ షాపు నుంచి ఇంకో రకం పచ్చ గోలీ తెచ్చాడట, అది మహా మంచిగా పనిచేస్తోందట. నాకు కుళ్లు పుట్టింది. ఆమె మాట మధ్యలో రెండుసార్లు కునుకు తీసింది. ప్రయాణం బడలిక అనుకున్నాను.

సెప్టెంబర్ 4, గురువారం

దొరికిపోయాను.

తీసేసిన మాత్రలను కందిపప్పు డబ్బాలో అడుగున పెడుతున్నాను. పాతిక కిలోల పప్పు ఉన్నట్టే ధైర్యంగా ఉన్నాను. రోజూ వండుతున్నది ఆయనే అని మర్చిపోయాను. ఇవాళ పప్పు కడుగుతుంటే గిన్నెలో తెల్లగా తేలాయట. పురుగులేమో అనుకున్నాడట.

గిన్నె తెచ్చి నా మంచం పక్కన పెట్టాడు. అరవలేదు. అరిస్తే నేనూ అరిచేదాన్ని, అక్కడితో సరిపోయేది. లస్మవ్వ మాట చెప్పాను. విన్నాడు. పప్పులోంచి మాత్రలు ఒక్కొక్కటే ఏరి పక్కన పెట్టాడు.

"నొప్పి నీదే, కాదన. కాని నువ్వు పండ్లు గిట్టకరిసి ఏడుస్తుంటె ఫోన్ పట్టుకొని నిలవడుడు నాతోని కాదు," అన్నాడు. "సిద్ధుకు నేనే గట్టిగ చెప్పిన, ఒక్కటి తప్పలేదని."

తర్వాత ఆసుపత్రికి ఫోన్ చేశాడు. డాక్టరు నాతోనే మాట్లాడాడు. ఆపరేషన్‌కు ముందు చేసిన పరీక్షలో నా కిడ్నీలు బాగున్నాయట, అందుకే ఆ మాత్రలు రాశాడట, అవి కొన్ని వారాలకే గానీ ఏళ్ల తరబడి కాదట. అనుమానం ఉంటే మళ్లీ రక్తపరీక్ష చేయించుకోమన్నాడు. తిన్నాక వేసుకోమన్నాడు, నీళ్లు బాగా తాగమన్నాడు. తప్పిన మాత్రలన్నీ కలిపి వేసుకోకూడదు, ఇప్పటి నుంచి వేళకు మొదలుపెట్టాలి.

రాత్రి పప్పు లేదు. పచ్చడి అన్నం. ఇద్దరికీ నవ్వొచ్చింది, కానీ ఎవరు ముందు నవ్వాలో తేలలేదు.

సెప్టెంబర్ 6, శనివారం

వంగింది. సిద్ధు ఫోన్‌లో చప్పట్లు కొట్టాడు. నొప్పి పోలేదు, పక్కకు జరిగి కూర్చుంది. ఆ జాగాలో మోకాలు వంగుతోంది. పది రోజులు ఏడ్చి సాధించనిది రెండు రోజుల్లో వచ్చింది. మా ఆయన ఈసారి ఫ్యాన్‌ను చూపించలేదు.

సెప్టెంబర్ 8, సోమవారం

ఇసబ్‌గోల్, అరటిపండ్లు, వేడినీళ్లు. గట్టి మాత్ర పొట్టను బిగిస్తుందని సిస్టర్ ముందే చెప్పింది. ఇంతకంటే రాయను.

సెప్టెంబర్ 9, మంగళవారం. సాయంత్రం

ఫోన్ పక్కనే పెట్టుకుని రాస్తున్నాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక నా మోకాలు వంగిన సంగతి చెప్దామని కనకవ్వకు ఫోన్ చేశాను. ఎత్తింది. మాట ముద్దముద్దగా ఉంది. నన్ను ఎవరో అనుకుని, పిండి పట్టించినవా అని అడిగింది. నేను మంజులను అన్నాను. మళ్లీ పిండి సంగతే. తర్వాత మాట ఆగిపోయింది. ఫోన్ పెట్టేయలేదు. గురక వినిపించింది. గురకకూ గురకకూ మధ్య చాలా ఎడం. ఆ ఎడంలో నేను నా ఊపిరి కూడా బిగబట్టి విన్నాను.

సిస్టర్ చెప్పిన మూడు మాటలు, పచ్చ గోలీ, బెంచీ మీద కునుకు, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

కోడలు వనితకు చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఎత్తింది, వెనక కుట్టు మిషన్ చప్పుడు. మా అత్తమ్మ మంచిగ నిద్రపోతుంది ఆంటీ, పొద్దటిసంది లేవలే, నొప్పి లేదు గదా అని నేను లేపలే అంది.

"లేపి చూడు బిడ్డా. గిప్పుడే లేపు," అన్నాను.

మిషన్ ఆగింది. అడుగుల చప్పుడు. అత్తమ్మా అని పిలవడం, ఇంకా గట్టిగా పిలవడం. తర్వాత వనిత గొంతు మారిపోయింది. కళ్లు తెరిచి మళ్లీ మూస్తోందట, పెదాలు రంగు తప్పాయట. 108కి చెయ్యమన్నాను, పక్కకు తిప్పి పడుకోబెట్టమన్నాను, ఇంట్లో ఉన్న గోలీలన్నీ సంచితో సహా తీసుకుపొమ్మన్నాను. బస్సులో ఎవరైనా పడిపోతే డ్రైవర్‌తో మాట్లాడే గొంతు వచ్చింది నాకు. ఫోన్ పెట్టాక ఆ గొంతు ఎటో పోయింది. మా ఆయన నీళ్లిచ్చాడు.

ఇంకా కబురు లేదు.

సెప్టెంబర్ 10, బుధవారం

బతికింది. అయ్యో, ఎట్లా రాశాను. బాగుంది. తెలివిగా ఉంది, పాలు తాగింది, పాలలో చక్కెర తక్కువైందని అందట. ఆ మాట వినగానే నాకు నమ్మకం కుదిరింది.

వనిత అంతా చెప్పింది. డాక్టరు ఇచ్చిన తెల్ల గోలీలో, షాపు నుంచి తెచ్చిన పచ్చ గోలీలో ఉన్నది ఒకటే మందు, ట్రమడాల్. పేరు వేరు, రంగు వేరు. రెండూ వేసుకుంది. దానికి తోడు నిద్ర పట్టడానికి ఏళ్లుగా వేసుకునే గోలీ ఒకటి ఉందట, ఆ సంగతి ఆపరేషన్ డాక్టరుకు చెప్పలేదు. అదేం పెద్ద మందు కాదు కదా అనుకుందట. ఆక్సిజన్ పెట్టి, రాత్రంతా పక్కనే ఉండి చూశారు. లివర్ పరీక్ష కూడా చేశారు, ఫికర్ లేదన్నారు. భూమన్న వరండాలో కూర్చుని ఎవరితోనూ మాట్లాడటం లేదట.

నేను ఆయనతో మాట్లాడతానన్నాను. ఫోన్ ఇచ్చింది.

"నొప్పికి తట్టుకుంటలేదని తెచ్చిన, చెల్లె," అన్నాడు.

నాకు తెలుసు అన్నాను. మా ఇంట్లో కూడా ఒకాయన ఉన్నాడని చెప్పాను.

సెప్టెంబర్ 11, గురువారం

ఇవాళ గట్టి మాత్ర చేతిలోకి తీసుకుని అట్లాగే చూస్తూ కూర్చున్నాను. నోట్లో పెట్టుకోబుద్ధి కాలేదు. ఈసారి దాచలేదు. భయమేస్తోందని మా ఆయనకే చెప్పాను. మళ్లీ డాక్టరుకే ఫోన్. మా పేరు చూడగానే ఆయన నిట్టూర్చి ఉంటాడు.

మా ఇంట్లో ఉన్న ప్రతి మందు పేరూ అట్ట చూసి చదివించుకున్నాడు. ఒక మందు రెండుసార్లు లేదు, నిద్రగోలీ లేదు. ఎలాగూ తగ్గించే వేళ వచ్చింది కాబట్టి గట్టిది ఇక ఎక్సర్‌సైజుకు ముందు ఒక్కటే, ఆ తర్వాత అది కూడా మానేయాలి. పారాసిటమాల్ నడుస్తుంది. మిగిలిన నొప్పికి ఐస్.

లస్మవ్వ మళ్లీ వచ్చింది. ఈ కథంతా చెప్పాను. వింటూ వింటూ, తన మోకాలికి ఏ డాక్టరు మంచిదని అడిగింది.

సెప్టెంబర్ 18, గురువారం

గట్టి మాత్ర లేకుండా ఎక్సర్‌సైజు. సిద్ధు ఇంకా అన్నాడు. ఇంకా జరిపాను. నొప్పి వచ్చింది, నేనూ అదీ ఒకరినొకరు చూసుకున్నాం, అంతే.

కనకవ్వ ఇంటికొచ్చాక మొదటిసారి తనే ఫోన్ చేసింది. గొంతు గణగణమంటోంది.

"చెల్లె, ఆ దినం నీతోని ఏం మాట్లాడిన్నో నాకు యాదికి లేదు. తప్పుగ ఏమన్న అన్ననా?"

పిండి పట్టించినవా అని అడిగినవ్ అక్కా అన్నాను. ఆమె కాసేపు ఆలోచించింది. చిన్నప్పుడు చనిపోయిన తన చెల్లెలితో రోజూ పిండి గిర్నీకి పోయేదట. ఆ చెల్లెలు నా లెక్కనే మాట్లాడేదట. తర్వాత మోకాళ్ల గురించి మాట్లాడుకున్నాం.

సెప్టెంబర్ 30, మంగళవారం

సద్దుల బతుకమ్మ. సాయంత్రం కాస్త తిన్నాక ఒక పారాసిటమాల్ వేసుకుని, కర్ర పట్టుకుని వాడకట్టుకు వెళ్లాను. అందరితో కలిసి కొంచెం తిరిగాను, నెమ్మదిగా. నా వెనక ఉన్న ఆడపిల్లలు దాటిపోవడానికి మొహమాటపడి నా నడకకే చప్పట్లు సర్దుకున్నారు. బతుకమ్మ పాట అంత నెమ్మదిగా ఎన్నడూ విని ఉండరు. మా ఆయన దూరంగా కుర్చీ పట్టుకుని నిలబడ్డాడు. తను కూర్చోలేదు, ఎవర్నీ కూర్చోనివ్వలేదు, ఊరికే పట్టుకుని నిలబడ్డాడు. కాసేపటికి నేనే వెళ్లి కూర్చున్నాను.

అక్టోబర్ 14, మంగళవారం

ఇవాళ ఏ మాత్రా లేదు.

మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి ఫోన్. కనకవ్వ ఎడమ మోకాలికి తేదీ అడిగిందట, నా ఎడమ మోకాలికీ అదే రోజు, పక్క మంచం నాకే ఇవ్వాలని చెప్పిందట. నన్ను అడగనేలేదు. ఆ తేదీ నాకు వీలవుతుందా అని సిస్టర్ అడిగింది.

వీలవుతుందన్నాను.