ఎవరి నాడి?

గురువారం, రాత్రి

ఈరోజు క్లాసులో పరువు పోయింది. చైనా వైద్యం చదువులో చేరి ఏడాదైనా నాకు నాడి చూడడం రాలేదని తేలిపోయింది.

ఇక్కడి ఆంగ్ మో కియో పేట నుంచి మా క్లాసుకు నాడి చూపించుకోవడానికి వచ్చే ముసలి ఆంటీ మణికట్టు మీద మూడు వేళ్లు పెట్టి, "తీగలా బిగిసి, వడివడిగా కొట్టుకుంటోంది. ఈవిడకేదో దిగులు" అని ధీమాగా చెప్పాను. లిమ్ టీచర్ తనూ చూసి నవ్వేశారు. "అయ్యో, దట్ వన్ యువర్ ఓన్ పల్స్ లా!" అది నా నాడేనట; గట్టిగా నొక్కితే మన వేళ్లలో కొట్టుకునేదే మనకు తెలుస్తుందట. ఆంటీ నాడి నింపాదిగానే ఉంది. మరి నీకేం దిగులని టీచర్ అడిగితే, పరీక్షలని చెప్పాను.

అబద్ధం. నెల రోజులుగా మా ఆయన ఆదివారాలు కూడా ఆఫీసుకే వెళ్తున్నారు. సరిగా నిద్రపోవడం లేదు. అడిగితే "అంతా బావుందిలే, మంచి ప్రాజెక్టు" అంటారు.

ఇంటికొచ్చి క్లాసు సంగతి చెబితే పడీ పడీ నవ్వి, "ఏదీ, నాది చూడు డాక్టరమ్మా" అని చెయ్యి చాపారు. ఈసారి అస్సలు నొక్కకుండా వేళ్లు ఆనించాను. అదే తీగ, అదే బిగువు.

"ఎలా ఉంది?"

"బావుందండీ" అన్నాను.

మళ్లీ నా నాడే చూసుకున్నానేమో. నాదే అయితే బావుణ్ణు.