పాదం మీద బ్లూబెర్రీలు

మచాయస్, మెయిన్
మంగళవారం

వినిఫ్రెడ్ అక్కా,

చీలమండ ఆపరేషన్ బాగానే అయింది, కంగారుపడకు. కాలు మూడు దిండ్ల మీద ఎత్తిపెట్టుకుని పడుకుంటే మంచం పడవలా పొగమంచులో తేలిపోతోంది. వాపుకి పెట్టడానికి ఐసు లేక, నిరుడు మనం ఏరి ఫ్రీజర్లో దాచిన బ్లూబెర్రీల సంచీ పాదం మీద వేసుకుని నిద్రపోయాను. మధ్యాహ్నం నర్సు డార్లీన్ వచ్చి కెవ్వుమంది.

"అయ్యో ఎల్వా! వేళ్లు నీలమైపోయాయి, అంబులెన్సు పిలుస్తున్నా!"

సంచీలోంచి కారిన బెర్రీ రసమే అది. నేను కాలివేలు తుడిచి, ఆ చెయ్యి నాకి చూపించాను. "తియ్యగానే ఉందిలే, కూర్చో."

తిట్టుకుంటూ కట్టు మార్చింది. ఇకమీదట సంచీకి తువ్వాలు చుట్టి, ఇరవై నిమిషాలే పెట్టాలట. స్నానమప్పుడు కట్టు తడవకుండా కాలికి తొడుక్కోవడానికి ఖాళీ బ్రెడ్డు సంచులు పంపు. నీ దగ్గు తగ్గిందా? పిల్లలకు ముద్దులు.

కునుకు పడితే చాలు, బెర్రీ పొలంలో నువ్వు ముందు, నేను వెనక. అక్కడ నా కాలికి కట్టు ఉండదు. ఆగస్టులో నిజంగా బెర్రీలు ఏరడానికి వెళ్లినప్పుడు మాత్రం కాస్త మెల్లిగా నడువక్కా.

నీ ఎల్వా