బస్సు ఏ ఊళ్ళో పడుకోవాలి?

ప్రియమైన మీకు,

మీరు వెళ్ళగానే వాన పట్టుకుంది. మెయిన్ రోడ్డుదాకా తడుస్తూనే నడిచారా?

ఇక్కడ ఒక కబురు. రాత్రికి మన ఊళ్ళో ఆగి, తెల్లారి పట్నం వెళ్ళే బస్సు కావాలని అడిగాం కదా, రవాణా ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు. ఊళ్ళో ఎంతమంది, ఎవరు దేనిమీద ఎక్కడికి పోతారు అని ఆరా తీశాడు. పురుళ్ళు పోసే నర్సమ్మకి ఇంటింటి సంగతీ తెలుసని నన్నే వెంట తిప్పారు. పాలవాళ్ళు సైకిళ్ళమీద, మిల్లు ఆడవాళ్ళు కాలినడకన, పురిటినొప్పులొస్తే ఎడ్లబండిమీద అని చెప్పాను. "బండి వేళకి చేరుతుందా?" అన్నాడు. పోయిన నెల మిల్లు కాపలాదారు కోడలు దారిలోనే కన్నదని చెప్పాను.

వెయ్యిమంది లేనిదే బస్సు వేయరట. మనం ఆరొందలు దాటం. పక్క పల్లె కలిస్తే చాలన్నాడు. కాలవ నీళ్ళ దగ్గర గొడవపడ్డప్పటినుంచీ రెండూళ్ళూ ఉప్పూ నిప్పూ అయ్యాయి కదా, అడిగే మొహం ఎవరికీ లేదు.

ఆ బస్సుకి డ్రైవరు మీరే అయితే? రోజూ రాత్రి ఇంటికొస్తారు. నా మనసంతా అక్కడే ఉంది.

మీ చిట్టి

---

చిట్టీ,

తడిసి ముద్దయ్యాను. డిపో గదిలో చొక్కా ఆరేస్తుంటే, అత్తారింటినుంచి ఈదుకుంటూ వచ్చాడని తోటి డ్రైవర్లు ఏడిపించారు.

మేనేజరుగారి చెవిన వేశాను. ముందు బస్సు రానివ్వవయ్యా అన్నారు గానీ, కాదనలేదు. పక్క పల్లెకి నువ్వే వెళ్ళు. అక్కడి పిల్లల్లో సగంమందికి నువ్వేగా పురుడు పోసింది, గుమ్మంలోంచి గెంటరు.

నీ వాడు

---

ప్రియమైన మీకు,

వెళ్ళాను. గెంటలేదు. ఆ ఊరి పెద్దావిడ మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టి, నేను చెప్పిందంతా విని, "లెక్కకి మా తలకాయలు కావాలి, బస్సు మాత్రం మీ ఊళ్ళో పడుకోవాలా?" అంది.

ఆవిడ వెనకాల మనవరాలు నిండు నెలలతో గోడకి ఆనుకుని నిలబడి ఉంది. ఆ పిల్లని చూస్తూనే అనేశాను, "మీ ఊళ్ళోనే పడుకోనివ్వండి. మా ఊరిమీదుగా వస్తే చాలు."

పెద్దావిడ ఒప్పుకుంది. మనవాళ్ళు మాత్రం నామీద నిప్పులు చెరుగుతున్నారు. రాకముందే బస్సుని అత్తారింటికి సాగనంపానని పాలావిడ ఊరంతా చాటింది.

మీకూ కోపం వచ్చిందా? అక్కడినుంచి మన గుమ్మానికి అరమైలే కదండీ. బస్సు ఆపేసి నడిచి రాలేరా?

మీ చిట్టి

---

చిట్టీ,

కోపం దేనికి? ఆ చోట నేనున్నా అదే మాట అనేవాణ్ణి.

బస్సు ఖాయమైంది. కానీ నాకివ్వలేదు. నాకన్నా ముందు చేరినాయన అడిగాడట, ఆయనకే ఇచ్చారు. నన్ను దూరపు సర్వీసుకి మార్చారు. సాయంత్రం ఎక్కితే మర్నాడు పొద్దెక్కాక డిపోకి తిరిగొచ్చి దిగుతాను. పగలంతా గదిలో ఒక్కణ్ణే. ఇక ఆదివారాలు కూడా ఇంటికి రావడం కుదరదు.

అరమైలు కాదు, పదిమైళ్ళయినా నడిచి వచ్చేవాణ్ణి. నోటికాడి కూడు లాగేసినట్టుంది. ఇంకేం రాయను?

నీ వాడు

---

ప్రియమైన మీకు,

మీ ఉత్తరం చదివి రెండు రోజులు పొయ్యి వెలిగించబుద్ధి కాలేదు. ఆ తర్వాతా రాయబుద్ధి కాక వారం దాటిపోయింది.

బస్సు వస్తోంది. పెద్దావిడ మనవరాలు దాంట్లోనే పట్నం ఆసుపత్రికి వెళ్ళి ఆడపిల్లని కంది. ఆ కబురు చెప్పడానికి పెద్దావిడ మన ఊరొచ్చింది, నీళ్ళ గొడవ తర్వాత ఇదే రావడం. పాలావిడే కుర్చీ వేసింది.

నిన్న మిల్లు ఆడవాళ్ళు ఎక్కుతుంటే చూస్తూ నిలబడ్డాను. కండక్టరు నన్ను చూసి, "నర్సమ్మా, ఎక్కుతారా?" అన్నాడు. అప్పుడు వెలిగింది నా బుర్ర. బస్సు మిమ్మల్ని ఇక్కడికి తెస్తుందనే ఇన్నాళ్ళూ కాళ్ళరిగేలా తిరిగాను. అది నన్నూ ఎక్కించుకుంటుందని తోచనే లేదు.

శుక్రవారం నాకు సెలవు. మీరు బండి దిగేసరికి డిపో గేటు దగ్గర ఉంటాను. మళ్ళీ సాయంత్రం మీరు ఎక్కేదాకా ఉండి, మన బస్సులోనే తిరిగొస్తాను. రాత్రంతా నడిపి ఉంటారు, కబుర్ల కోసం కళ్ళు నులుముకుంటూ కూర్చోకండి. గేటు పక్క బల్లమీదే నా భుజాన తల పెట్టి పడుకోండి. కబుర్లు పై శుక్రవారం చెప్పుకుందాం.

మీ చిట్టి