మా ముంగిట్లో బోర్డు

అక్టోబర్ 12, శనివారం

పొద్దున్నే తలుపు తీస్తే పచ్చికలో "ఇల్లు అమ్మకానికి" అన్న బోర్డు. మేం ఇల్లు అమ్మడం లేదు. స్కూలు ఫుట్‌బాల్ ఆట ఓడిన కోచ్‌కి ఊరు వదిలిపొమ్మని ఇక్కడ ఇలాగే చెబుతారు. ఆ కోచ్ మా ఆయనే. వెండెల్ దాన్ని పీకి గరాజ్ గోడకి ఆనించాడు.

నిన్న నాలుగు పాయింట్లు ముందున్నాం. ఆట అయిపోవస్తోంది, బంతి మన చేతిలోనే ఉంది. నా మొగుడు ఏం చేస్తాడో పాప్‌కార్న్ అమ్మేవాళ్లకి కూడా తెలుసు. బంతి చంకలో పెట్టుకుని గుంపులోకి దూరమని పిల్లలకి చెబుతాడు, మూడుసార్లు. పిల్లలు ఎక్కడివాళ్లక్కడే పడతారు. దూరంగా ఉన్న మనవాడికి పాస్ విసిరితే, అది నేలపాలైతే, గడియారం ఆగి అవతలివాళ్లకి టైం మిగులుతుందని అతని భయం. అలా ముందుకు సాగకపోతే బంతి వదులుకోవాల్సిందే, నాలుగోసారి అవతలివాళ్లకి తన్నించేస్తాడు. వాళ్లు దర్జాగా వచ్చి గెలిచిపోతారు.

అక్టోబర్ 13, ఆదివారం

చర్చిలో డార్లా నా చెయ్యి పట్టుకుని, మీ ఆయనకి పాస్ పడదా తల్లీ, ఒళ్లంతా దద్దుర్లొస్తాయా, అని అడిగింది. నవ్వాను. కోచ్ పెళ్లాం నవ్వాలి.

అక్టోబర్ 19, శనివారం

మళ్లీ అదే. రెండో బోర్డు.

అక్టోబర్ 22, మంగళవారం

గాల్వెస్టన్ నుంచి అక్క నెల్ ఫోన్ చేసింది. బేకరీ ఒక్కదాన్నే లాగలేకపోతున్నానే, సగం నీది, వచ్చెయ్, అంది. పైగదిలోంచి సముద్రం కనిపిస్తుందట. ఈ ఎండు నేల మీద పదకొండేళ్లుగా నాకు కావాల్సింది అదొక్కటే.

వెండెల్‌కి చెప్పాను. స్కూలువాళ్లే నన్ను తీసేస్తే వెళ్దాం లోరీన్, చేతిలో ఉన్న ఉద్యోగం ఎలా వదులుకుంటాం, అన్నాడు. ఇంట్లో కూడా అదే ఆట.

నవంబర్ 2, శనివారం

నిన్న చివరి నిమిషంలో అవతలివాళ్లు గీత దాటి గెలిచారు. స్కూలు స్వెటర్ వేసుకుని అందరి మధ్యా నిలబడి, లోపల సంబరపడ్డాను. దేవుడు క్షమించాలి.

స్కూలు కమిటీ పెద్ద హోబర్ట్, వచ్చే శుక్రవారం కూడా ఓడితే కాంట్రాక్ట్ ఉండదని మొహం మీదే చెప్పాడు.

నవంబర్ 7, గురువారం

భోజనాల దగ్గర నోరు జారాను. నీకు భయం, చేతిలో ఉన్నది పోతుందని బిగించి పట్టుకుంటావు, అలాగే పోగొట్టుకుంటావు, ఆటనైనా నన్నైనా, అన్నాను. ఫోర్క్ పక్కన పెట్టి, లేచి కంచం కడుక్కున్నాడు.

మారడులే. అటక మీంచి సూట్‌కేస్ దింపాను.

నవంబర్ 9, శనివారం

నిన్న మూడు పాయింట్లు ముందున్నాం. ఇంకా రెండు నిమిషాలుంది. ఇదిగో మళ్లీ గుంపులోకే దూరమంటాడు చూడండి, అని నా వెనక హోబర్ట్ గొణిగాడు. వెండెల్ వెనక్కి తిరిగి, జనంలో నన్ను వెతుక్కుని చూశాడు.

పాస్ వేయించాడు. గుంపులోకి దూరతారని అందరూ మధ్యలోకి చేరారు, మూలనున్న పొడుగు కుర్రాడి దగ్గర ఎవరూ లేరు. పట్టుకున్నాడు. ఆ తర్వాత బంతి అవతలివాళ్లకి దక్కనే లేదు. గెలిచాం. ఏడ్చాను. సంతోషమనుకుని డార్లా కూడా ఏడ్చింది.

నీ మాటే విన్నా లోరీన్, నీకోసమే వేయించా, అంటూ వెండెల్ పరిగెత్తుకొచ్చాడు. పదకొండేళ్లలో ఆ మొహం అంత వెలగడం నేను చూడలేదు. వెనకే హోబర్ట్ వచ్చి కాంట్రాక్ట్ ఇంకో మూడేళ్లు అన్నాడు. వెండెల్ నా వైపు చూడకుండానే చెయ్యి కలిపాడు.

నవంబర్ 10, ఆదివారం

వెండెల్ పైజామాతోనే బయటికొచ్చి పచ్చికలో బోర్డు చూశాడు. గెలిచాం కదా, ఇంకా ఎవరు పాతారే దీన్ని, అని అడిగాడు.

సుత్తి నా చేతిలోనే ఉంది.