దేవుడి చేద

తమ్ముడూ,

ఆ రోజు పొద్దున్న నువ్వు దేవుడి పూజకని నూతిలో చేద తోడి, నాకు ఇచ్చేముందు ఒక గుక్క నోట్లో పోసుకున్నావు.

"దేవుడి కంటే ముందు నీకా, ఎంగిలి వెధవా" అన్నాను.

"సముద్రం వచ్చిందేమో చూడాలి కదా పెద్దక్కా. ఉప్పునీళ్లు పోస్తే ఆయనకి దాహం వెయ్యదూ" అని నవ్వావు.

నీళ్లు తియ్యగానే ఉన్నాయి. ఆ మధ్యాహ్నమే ముఖ్యమంత్రిగారు వచ్చి సముద్రపు కట్టకి శంకుస్థాపన చేశారు. "వాతావరణం మారిపోతోందని అంత పెద్దాయనే ఒప్పుకున్నారు. ఇక మన తోటకి భయం లేదు" అని ఎండలోంచి వచ్చి చెప్పావు.

ఇవాళ నీ సంవత్సరీకం. కట్ట ఆ రాయి దగ్గరే ఆగిపోయింది. మొన్న వెళ్లి అడిగితే ఇంజనీరుగారు మర్యాదగానే చెప్పారు. "ఆయ్, పెద్దాయన ఈసారి దిగిపోతున్నారండీ. వచ్చేవారు చూస్తారు."

పొద్దున్న చేద తోడి, నీలాగే ముందు నేనే రుచి చూశాను. ఉప్పు. దీపం పెట్టాను గానీ దేవుణ్ణి ఏమీ అడగలేదు. నీ కొడుకు కొన్న డబ్బా నీళ్లతోనే నీకు తర్పణం వదిలాడు. పంతులుగారు ఆ నీళ్లతోనే మంత్రం చెప్పించారు. వాళ్లింట్లోనూ డబ్బా నీళ్లే.

సాయంత్రం అందరం అరుగు మీద కూర్చున్నాం. కొబ్బరితోట రొయ్యల చెరువుకి ఇచ్చేద్దామన్నాడు నీ కొడుకు. "నాన్న ఉంటే ఒప్పుకోరు కదత్తా" అని తనే అన్నాడు.

"ఈ నీళ్లు ఇక రొయ్యలకే పనికొస్తాయి" అంది నీ భార్య.

అందరూ నా వైపు చూశారు. సరే అన్నాను. నుయ్యి చెరువు మధ్యలోకి వస్తుందట. రేపు పూడుస్తారు.