బుల్లయ్య బాబాయి చేలో మన నారు

గుంటూరు,
ఆదివారం మధ్యాహ్నం.

అమ్మకు,

శ్రీరమ్య నమస్కారాలు. ఇక్కడ నేనూ, మీ అల్లుడు గారూ, పిల్లలూ బాగానే ఉన్నాం. నాసిక్‌లో నువ్వూ, భవ్యా, మరిది గారూ, అందరికంటే ముఖ్యంగా ఆ కొత్త బుడ్డదీ చల్లగా ఉన్నారనే నమ్మకంతో రాస్తున్నాను.

ఫోను ఉండగా ఈ ఉత్తరాలేమిటని మన భవ్య నవ్వుతుంది. నవ్వనీ. ఫోనులో నీకు సగమే వినపడుతుంది, మిగతా సగం నువ్వే ఊహించుకుని కంగారు పడతావు. ఈ సంగతి నువ్వు కళ్లజోడు పెట్టుకుని, తీరిగ్గా కూర్చుని చదవాల్సింది.

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు. పెద్దాడి దగ్గు తగ్గింది. ఊళ్లో మన ఇంటి తాళం వెంకటరావమ్మ పిన్ని దగ్గరే ఉంది, రోజూ వాకిలి ఊడ్చి నీళ్లు చల్లుతోంది. మన మిరప కోత మామయ్య దగ్గరుండి చేయిస్తున్నాడు, కాయ రంగు బాగుందట. ఉసిరికాయ పచ్చడి జాడీ మూత తీయొద్దన్నావు కానీ, ఆలస్యంగా చెప్పావు. మీ అల్లుడు గారు అప్పటికే అడుగు చూశారు.

ఇక మిగిలింది ఒక్కటే. "బుల్లయ్య కేసులో మన నారు సంగతి ఎత్తలేదు కదా?" అని రాశావు. దానికి జవాబు చెప్పాలంటే మొదటినుంచీ రావాలి. నువ్వు నాసిక్ వెళ్లాక జరిగినవన్నీ నీకు ముక్కలు ముక్కలుగానే తెలుసు.

బుల్లయ్య బాబాయి ఈ ఏడు కంపెనీ విత్తనం వేశాడు కదా. కాపు మొదలయ్యేసరికి చేలో రెండు రకాల కాయ కనిపించింది. కొన్ని మొక్కలకు సన్నగా పొడుగ్గా, కొన్నింటికి పొట్టిగా బుడిపెల్లాగా. కలగాపులగం విత్తనం అంటగట్టారని బాబాయి వ్యవసాయ ఆఫీసులో ఫిర్యాదు పెడితే, చేను చూసి రిపోర్టు ఇవ్వడానికి మా వ్యవసాయ కాలేజీ నుంచి నన్ను పంపారు. "అది మా ఊరండీ, మా పక్క చేనే" అని మా పెద్దాయనకు చెప్పాను. "మిరప పండే ఊళ్లో ఎవరికీ ఏమీ కాని మనిషిని నేనెక్కడ తెచ్చేదమ్మా, వెళ్లు" అన్నాడు.

చేలో బాబాయిని అడగాల్సినవన్నీ అడిగాను. "ఈ విత్తనం కాక ఇంకేమైనా వేశావా బాబాయ్?" అంటే, "ఒక్క గింజ కూడా లేదమ్మా, కావాలంటే ఒట్టు" అన్నాడు. అదే రాసుకున్నాను. వేరే మొక్క ఏదీ నాటలేదని రిపోర్టులో ఎక్కించి, కింద సంతకం పెట్టాను.

బాబాయి అబద్ధమాడలేదమ్మా. మొక్క చచ్చిన చోట పక్కవాళ్ల మడిలో మిగిలిన నారు తెచ్చి పెట్టుకోవడం మన వైపు మామూలేగా. దాన్ని ఎవరూ అమ్మరు, ఎవరూ కాదనరు. పక్కింట్లో రెండు రెబ్బల కరివేపాకు కోసుకొచ్చి, దాన్ని బజారు ఖర్చులో ఎవరు చెబుతారు? ఆయన దృష్టిలో అది వేరే విత్తనం వేయడం కానే కాదు. ఆ మళ్ల మధ్య పెరిగినదాన్నే అయినా, నేను మాత్రం జీపు దిగిన ఆఫీసరులాగా అడిగొచ్చాను.

రిపోర్టు ఇచ్చాక ఒకసారి ఇల్లు చూసిపోదామని ఊరెళితే బాబాయి ఇంట్లో పిన్ని మజ్జిగ ఇస్తూ అంది: "మీ అమ్మ నారు ఇవ్వబట్టి కాలవ పక్క సాళ్లు నిండాయి గానీ, లేకపోతే ఆ పక్కంతా బోడిగా ఉండేదమ్మాయ్. ఇద్దరం నడుములు పడిపోయేట్టు వంగి పెట్టాం." మజ్జిగ గ్లాసు పక్కన పెట్టేశాను. వెంటనే నీకు ఫోను చేస్తే "అవును, ఇచ్చాను, అయితే ఏం?" అన్నావు. తర్వాత ఆలోచించుకున్నట్టున్నావు, ముందటి ఉత్తరంలో ఎత్తొద్దని రాశావు.

మొన్న మంగళవారం వినియోగదారుల కమిషన్‌లో వాయిదా. చేలో పంట ఉండగానే తేలాలని బాబాయి లాయరు ఆశ్రిత పట్టుబట్టి తొందరగా వేయించింది. చిన్న పిల్లే కానీ గట్టిది, నీకు నచ్చుతుంది.

అక్కడి పద్ధతి నీకు చెప్పాలి. మామూలు సాక్షి తను చూసిందే చెప్పాలి, తనకేమనిపించిందో ఎవరికీ అక్కర్లేదు. నా అభిప్రాయం ఇదీ అని చెప్పే వీలు నిపుణులకే ఉంది. అందుకని నోరు తెరిచే ముందే ఆ మనిషిని జల్లెడ పడతారు. కమిషన్ అధ్యక్షుడు గారు మొదలుపెట్టడమే, "ముందు ఈవిడ మాట వినవచ్చా లేదా తేలుద్దాం, దానికెంత విలువ ఇవ్వాలన్నది విన్నాక చూద్దాం" అన్నారు.

కంపెనీ లాయరు లేచాడు. మనిషి మర్యాదస్తుడే, మాట మాత్రం మిరపగింజ. "మీరు చదివింది తెగుళ్ల శాస్త్రమా, విత్తన శాస్త్రమా?" అన్నాడు. విత్తన శాస్త్రమే అన్నాను. తమకు కబురు లేకుండా చేను చూశామన్నాడు. వాళ్ల మనిషి మా పక్కనే నిలబడి కొబ్బరిబోండం తాగుతున్న ఫోటో బయటికి తీసి చూపించింది ఆశ్రిత. చెడ్డ మొక్కలే ఏరి లెక్కేశారన్నాడు. ఈ మూల నుంచి ఆ మూలకు నడుస్తూ, ఇన్ని అడుగులకు ఒక మొక్క అని ముందే అనుకుని, అక్కడ ఏది ఉంటే అదే చూశామని చెప్పాను.

చివరికి, "ఫిర్యాదుదారు మీకు బంధువా?" అన్నాడు.

"కాదండి."

"ఏమని పిలుస్తారు?"

"బాబాయి అంటానండి."

లాయరు గెలిచినట్టు అధ్యక్షుడి వైపు తిరిగాడు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "లాయరు గారూ, ఈ జిల్లాలో నన్ను బాబాయి అనేవాళ్లను లెక్కబెడితే నేను ఒక్క కేసూ వినలేను" అన్నారు. హాల్లో అందరూ నవ్వారు. అభ్యంతరాలు కొట్టేశామనీ, నా వాంగ్మూలం తీసుకోమనీ అన్నారు.

వెనక బెంచీలో బాబాయి ముఖం విప్పారింది. మూడు నెలలుగా ఆ ముఖంలో నవ్వు చూడలేదమ్మా. నారు సంగతి ఎవరూ అడగలేదు. అడగాలని ఎవరికీ తెలియదు కూడా. అబద్ధమాడనక్కర్లేదు, ఊరుకుంటే చాలు.

ప్రమాణం చేయించారు. చేశాక నాకు ఆ వాక్యమే కళ్లముందు నిలిచింది, వేరే మొక్క ఏదీ నాటలేదని. అది తప్పని తెలిశాక నా నోటితో ఎలా చదవను? "అయ్యా, నేను లెక్కవేసిన మొక్కల్లో పక్క చేని నారు కలిసిందని నాకు తర్వాత తెలిసింది. ఆ నారు మా అమ్మ ఇచ్చింది" అని చెప్పేశాను.

కంపెనీ లాయరు ఎగిరి లేచి కేసే కొట్టేయమన్నాడు. అధ్యక్షుడు గారు ఒప్పుకోలేదు. రెండు నార్లూ కలిపి వేసిన లెక్క కాబట్టి నా రిపోర్టు తీసుకోవడం కుదరదన్నారు. అంతమాత్రాన రైతు మోసపోలేదని కాదు, వేరే శాస్త్రవేత్త రెండు పక్షాల ఎదుటా మళ్లీ చూడాలి, తర్వాత పెట్టిన మొక్కలను లెక్కలో విడిగా ఉంచాలి అన్నారు. మరి ఆ మొక్కలేవో ఎవరు చూపిస్తారు? పిన్ని పేరు చెబితే, "ఫిర్యాదుదారు భార్య మాట ఎలా నమ్ముతాం?" అన్నాడు లాయరు. "ఇంకెవరైనా ఉన్నారా?" అని అధ్యక్షుడు గారు అడిగారు.

అమ్మా, నీ పేరు నేనే చెప్పాను, ఆవిడ వచ్చి చూపిస్తే సరేనన్నారు. నిన్ను అడగలేదు. కోర్టు గడప తొక్కనని తాతయ్య గట్టు తగాదా నాడే ఒట్టు పెట్టుకున్నావని తెలిసీ చెప్పాను. ఈ నాలుగు పేజీలూ ఆ ఒక్క మాట రాయడానికి భయపడే తిప్పి తిప్పి రాశాను.

బయట వరండాలో బాబాయి నా ముందుకొచ్చి నిలబడ్డాడు. "నువ్వు మా తరఫున వచ్చావా, వాళ్ల తరఫున వచ్చావా?" అన్నాడు.

"ఎవరి తరఫునా రాలేదు బాబాయ్."

"మరి ఎందుకొచ్చావే?"

ఆయన తువ్వాలు దులుపుకుని వెళ్లి చిలకలూరిపేట బస్సెక్కేశాడు. పిన్ని మాత్రం కిటికీలోంచి చెయ్యి ఊపింది. ఇంటికొచ్చి చాలాసేపు ఏడ్చాను. చెప్పినందుకు కాదు, ఆ నవ్వు నా వల్ల పోయినందుకు.

నువ్వు అనుకునేది నాకు తెలుసు, నా నారు వల్లే వాళ్ల కేసు చెడిందని. ఆ మాట మనసులో కూడా అనుకోకు. నీరు నిలిచి మొక్క చచ్చింది కాలవ పక్కనే, మీరిద్దరూ పెట్టిందీ అక్కడే. మిట్ట వైపు నీ చెయ్యే పడలేదు. అక్కడ ఏముందో చెప్పే హక్కు ఇక నాకు లేదు, కొత్తగా వచ్చేవారు చూసి చెబుతారు. నువ్వు శాస్త్రం చెప్పక్కర్లేదు, నీకేమనిపించిందో అడగరు. ఎక్కడ వంగావో, ఎక్కడ లేచావో చూపిస్తే చాలు.

భవ్యకు కోపం వస్తుంది. బుడ్డదానికి నీళ్లు పోసేవాళ్లు లేరని అలుగుతుంది. మరిది గారి తల్లి గారిని వారం రోజులు వచ్చి ఉండమని బతిమాలమను, నేనూ మాట్లాడతాను. నువ్వు రానంటే బలవంతపెట్టను, ఆశ్రితతో నేనే చెబుతాను.

కానీ నిన్న ఊరెళ్లాను. బాబాయి నాతో మాట్లాడలేదు. చేలో కూలీలు కోస్తున్నారు. మిట్ట వైపు శాస్త్రవేత్త కోసం ఆశ్రిత గుర్తు పెట్టించిన సాళ్లు వదిలి, మిగతాదంతా కోత అయిపోవచ్చింది. కాలవ పక్కకు వచ్చేసరికి ఆయన చెయ్యి అడ్డం పెట్టి ఆపేశాడు. అక్కడ కాయ పండి, ఎర్రబడి, కొన్ని కాయలు చెట్టునే ఎండి ముడుచుకుపోతున్నాయి. "కోయకపోతే రాలిపోతాయి కదయ్యా" అని ఒకావిడ అంటే, ఆయన నా వైపు చూడకుండానే అన్నాడు: "వదినొచ్చి చూపించేదాకా ఆ సాళ్లలో ఎవరూ చెయ్యి పెట్టొద్దు."

ఇట్లు,
నీ పెద్దకూతురు
శ్రీరమ్య